దృశ్యం కూడా అమానతే: నివేదికలలో, ప్రదర్శనలలో ఫోటోల వాడకంపై ఒక పరిశీలన

నోటితో అబద్ధమాడడం పాపమని మన ఇళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఫోటోతో అబద్ధమాడవచ్చునన్న సంగతి మాత్రం పెద్ద చదువులు చదివినవారికి కూడా తరచు తట్టదు. ఈనాడు నివేదిక అంటే అందులో నాలుగు ఫోటోలుండాలి, సభ అంటే తెరమీద స్లైడులు కదలాలి, విరాళాల విజ్ఞప్తి అంటే దాని మీద ఒక పసివాడి ముఖం కనిపించాలి. ఇవన్నీ ఎవరివి? ఎవరి అనుమతితో వచ్చాయి? ఏ విషయాన్ని రుజువు చేస్తున్నాయి? ఈ ప్రశ్నలు అడిగేవారు అరుదు.

ఒక విషయం ముందే చెప్పుకోవాలి. ప్రాణుల చిత్రాలు గీయవచ్చునా, ఫోటో తీయించుకోవచ్చునా అన్న అంశంపై ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. హజ్ యాత్రకు పాస్‌పోర్టు ఫోటో లేనిదే వీలుపడదు గనుక అవసరం మేరకు అనుమతి వుందని చాలామంది అంగీకరించారు. ఆ చర్చలోకి ఈ వ్యాసం పోదు. ఫోటో అవసరమని ఒప్పుకున్న తరువాతనే మన ప్రశ్న మొదలవుతుంది.

2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాట్ రోడ్డు దిగుతూ ఆర్టీసీ బస్సు లోయలో పడింది. శనివారంపేట నుంచి జగిత్యాలకు వెళ్తున్న ఆ బస్సులో వందమందికి పైగా ప్రయాణికులున్నారు. అరవైమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. చనిపోయినవారిలో అధికులు చుట్టుపక్కల పల్లెల బీదలు, వారిలోనూ స్త్రీలు ఎక్కువ. దేశంలో ఆర్టీసీ బస్సులకు జరిగిన ఘోర ప్రమాదాలలో ఇది ఒకటి. ఆసుపత్రి ఆవరణలో వరుసగా పడుకోబెట్టిన మృతదేహాల ఫోటోలు ఆ సాయంత్రానికే సెల్‌ఫోన్ల ద్వారా ఎక్కడెక్కడికో చేరిపోయాయి. కొన్నింటిలో ముఖాలు స్పష్టంగా వున్నాయి. కొన్నింటిలో చీరలు చెదిరి వున్నాయి. దుబాయిలో, మస్కట్‌లో కూలిపనికి పోయిన కొడుకు తన తల్లి చావును ఇంటివాళ్ళ నోట వినకముందే తెరమీద చూసే పరిస్థితి వచ్చిందంటే, దానిని సమాచారం అనగలమా? కరీంనగర్, జగిత్యాల ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు పోయినవారి సంఖ్య ఎంతటిదో ఈ పత్రిక పాఠకులకు వేరే చెప్పనవసరం లేదు.

ఫోటో తీయడమే తప్పు అనడం లేదు. పోలీసులు పంచనామాకు తీస్తారు. వైద్యులు రికార్డుకు తీస్తారు. గుర్తుపట్టని దేహాన్ని బంధువులకు చూపడానికి ఫోటో అవసరమవుతుంది. ఈ మూడింటిలోనూ ఫోటోకు ఒక పని వుంది, దానిని చూడవలసినవారు కొద్దిమంది, పని ముగిశాక అది ఫైలులోకి పోతుంది. వీధిలోకి వచ్చిన ఫోటోకు ఇటువంటి పని ఏమీ లేదు.

అసలు ఆ ఫోటోలు కొండగట్టు గురించి మనకు ఏమి తెలిపాయి? బస్సు ఎందుకు పడిందో తెలిపాయా? లేదు. సీట్లు ఎన్ని, ఎక్కినవారు ఎంతమంది అన్నది మృతుల ముఖాల్లో కనిపించదు. ఘాట్ వాలు ఎంత, మలుపు ఎంత ఇరుకు, బ్రేకుల స్థితి ఏమిటి, ఆ పల్లెలకు రోజుకు బస్సులెన్ని, ఒకే బస్సులో అంతమంది ఎక్కవలసిన గతి ఎందుకు పట్టింది, వీటిలో ఏ ఒక్కదానికీ ఆ ఫోటోలో జవాబు లేదు. ఒక తెల్లకాగితం మీద ఘాట్ రోడ్డు గీత గీసి, మలుపు దగ్గర చుక్క పెట్టి, పక్కన సీట్ల సంఖ్య, ప్రయాణికుల సంఖ్య వేసివుంటే అది నిజంగా సాక్ష్యం చెప్పే దృశ్యం అయ్యేది. అటువంటి కాగితం ఎవరి సెల్‌ఫోనుకూ రాలేదు. ఏడిపించే బొమ్మ వచ్చింది, జవాబుదారీ అడిగే బొమ్మ రాలేదు. నా అభిప్రాయంలో శవాల ఫోటో ఇక్కడ మృతులను అవమానించడమే గాక, బాధ్యులకు ఒక విధంగా సాయం కూడా చేసింది. చూసినవాడి మనసంతా దుఃఖంతో నిండిపోయాక ప్రశ్నకు చోటు ఎక్కడిది?

రోడ్డు భద్రత సభలలో నలిగిన వాహనాలను, రక్తపు మరకలను తెరమీద చూపడం ఒక ఆచారంగా మారింది. చూపేవారి ఉద్దేశం మంచిదే కావచ్చు. అయితే భయంతో తల తిప్పుకున్నవాడు బ్రేకుల గురించి ఏమి నేర్చుకుంటాడు? నేర్పడానికి వేగానికీ, ఆగే దూరానికీ గల సంబంధాన్ని చూపే పటం ఒక్కటి చాలు.

మృతుని పట్ల బ్రతికివున్నవారి బాధ్యత ఏమిటన్న దానికి మన ధర్మశాస్త్రంలో ఎంతో స్పష్టత వుంది. చనిపోయినవారి ఎముక విరచడం బ్రతికున్నవారి ఎముక విరచడం వంటిదేనని మహాప్రవక్త (స) హెచ్చరించారు. ఈ హదీసు అబూదావూద్‌లో వుంది. యుద్ధంలో సైతం శత్రువు శవాన్ని వికృతపరచడాన్ని ఆయన నిషేధించారు. ఒక యూదుని జనాజా పోతుంటే ఆయన లేచి నిలబడిన సంఘటన బుఖారీలో వుంది. అతడు యూదుడు గదా అని అన్నవారికి, అతనిదీ ఒక ప్రాణమే గదా అన్న భావంతో ఆయన బదులిచ్చారు. కొండగట్టు బస్సులోని వారు ఏ మతస్థులన్న ప్రశ్న అందుచేత మన ముందు తలెత్తనే కూడదు. దివ్యఖుర్‌ఆన్ బనీ ఇస్రాయీల్ సూరాలో గౌరవం ప్రసాదించబడినట్లు చెప్పింది ఆదం సంతతికంతటికీ.

ఇంకొంచెం దగ్గరి ఉదాహరణ చూద్దాం. మన పల్లెల్లో మయ్యిత్‌కు గుసుల్ ఇచ్చే పెద్దమనిషిని గమనించండి. ఆయన ముందుగా పరదా కడతాడు. పనికి అవసరమైన ఇద్దరు ముగ్గురిని తప్ప మిగిలినవారిని బయటికి పంపుతాడు. ప్రాణం లేని దేహమే అయినా సతర్ మీద బట్ట తీయడు, బట్ట కిందనుంచే కడుగుతాడు. దేహం మీద ఏ మచ్చ చూసినా, ఏ వికారం చూసినా బయట ఎవరికీ చెప్పడు. ఇలా దాచినవానికి క్షమాభిక్ష లభిస్తుందన్న శుభవార్త హదీసు గ్రంథాల్లో వుంది. ఆయనకు కెమెరా లేదు, జర్నలిజంలో డిగ్రీ లేదు. అయినా ఇతరుల నిస్సహాయస్థితిని చూసే హక్కు తనకు ఎందుకు లభించిందో, దానికి హద్దు ఎక్కడో ఆయనకు తెలుసు. ఫోటో తీసే ప్రతి వ్యక్తీ, దానిని నివేదికలో పెట్టే ప్రతి సంపాదకుడూ ఈ గుసుల్ ఇచ్చేవాని స్థానంలో వున్నట్లే. చూసినదంతా చూపే అనుమతి ఆయనకు లేనట్లే వీరికీ లేదు.

ప్రభుత్వం కూడా ఈ విషయాన్ని ఆలస్యంగానైనా పట్టించుకుంది. మృతదేహాలను, నెత్తురోడుతున్న క్షతగాత్రులను దగ్గరినుంచి, మరుగుపరచకుండా చూపడం తగదని కేంద్ర సమాచార ప్రసార మంత్రిత్వశాఖ 2023 జనవరి 9న టెలివిజన్ ఛానెళ్ళను హెచ్చరించింది. సెల్‌ఫోన్ల మాట అందులో లేదు, దాని సంగతి ఎవరి మనస్సాక్షికి వారిదే.

కరువు ఆల్బంలు

ఈ రోగానికి సెల్‌ఫోనే కారణమని అనుకుంటే పొరపాటు. కెమెరా మన దేశానికి వచ్చిన తొలి దశాబ్దాలలోనే ఇది మొదలైంది. 1876–78 నాటి మద్రాసు కరువు తెలుగునాట కర్నూలు, కడప జిల్లాలను, పొరుగున బళ్ళారిని తుడిచిపెట్టినంత పని చేసింది. ఆ కరువులో విల్లబీ వాలెస్ హూపర్ అనే మద్రాసు సైన్యాధికారి అస్థిపంజరాల వంటి మనుషులను గుంపులుగా కూర్చోబెట్టి ఫోటోలు తీశాడు. ఇప్పుడు వాటిని చూసినా కళ్ళు నిలవవు. అయితే కాస్త నిదానించి చూస్తే వేరే సంగతి బయటపడుతుంది. పెళ్ళి ఫోటోలో చుట్టాలను అమర్చినట్లు వారిని అమర్చారు: పొడుగువారు వెనుక, పిల్లలు ముందు. అందరి చూపూ కెమెరా వైపే. లేవలేనివాడిని కూడా కూర్చోబెట్టారు. ఫోటో తీసిన తరువాత వారికి అన్నం పెట్టకుండానే పంపివేశాడన్న ఆరోపణ హూపర్ మీద వుంది. ఆ ఆరోపణ సంగతి ఎలా వున్నా, ఫోటోలోని అమరికే అతని మనసు ఎక్కడ వుందో చూపుతున్నది. తరువాత 1886లో బర్మాలోని మాండలేలో మరణశిక్షల సమయంలో తుపాకులు పేలే క్షణాన్ని ఫోటోలో పట్టడానికి ఆ శిక్షల అమలునే ఆలస్యం చేశాడని ఇతని మీద విచారణ జరిగింది. కెమెరా కోసం మనిషి చావు వేచివుండవలసి వచ్చిందన్న ఆరోపణ లండన్ పత్రికలను సైతం కలవరపెట్టింది.

హూపర్ కరువు ఫోటోలు ఉపయోగపడలేదా అని కొందరు అడుగుతారు. ఉపయోగపడ్డాయి, కాదనను. అటువంటి దృశ్యాలు ఇంగ్లండులో కరువు తీవ్రతను తెలిపాయి, విరాళాలు వచ్చాయి. అయితే ఆ ముఖాలలో ఒక్కదానికైనా పేరు లేదు. ఏ వూరు, ఏ తాలూకా, ఎవరి బిడ్డ అన్నది లేదు. వారి ఆకలి మాత్రం భద్రంగా మిగిలింది.

మన నిజాం రాజ్యం సంగతి ఇంతకంటె సున్నితమైనది, ఎందుకంటె ఇక్కడ కెమెరా పట్టినవాడు మనవాడు, గొప్ప కళాకారుడు. రాజా దీన్ దయాళ్‌కు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ముసవ్విర్ జంగ్ అన్న బిరుదు ఇచ్చారు. (ముసవ్విర్ అన్నది అల్లాహ్ శుభనామాలలో ఒకటి. చిత్రకారులను హెచ్చరించే హదీసులో వచ్చే మాట కూడా ఇదే. బిరుదు ఇచ్చినవారు ఈ సంగతి తలచుకున్నారో లేదో!) 1899–1900 కరువు కాలంలో ఔరంగాబాద్ ప్రాంతంలో జరిగిన సహాయ కార్యక్రమాలను దీన్ దయాళ్ స్టూడియో ఫోటోలు తీసింది. అవి వైస్రాయి లార్డ్ కర్జన్ సేకరణలోకి చేరి, ఈనాడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో వున్నాయి. వాటిలో ఒకదానికి ఇంగ్లీషులో వున్న శీర్షికను తెలుగులో చెప్పాలంటే ‘కృశించిన శరీరాల రకాలు’ అని వస్తుంది.

రకాలు! పప్పుల్లో రకాలుంటాయి, బట్టల్లో రకాలుంటాయి. ఆకలితో చావుకు దగ్గరపడిన మనిషి ఏ రకం? విమర్శకులు దీన్ దయాళ్ వెలుగునీడలను, కూర్పును మెచ్చుకుంటారు. నేనూ మెచ్చుకుంటాను. అయినా ఆ ఫోటోలోని తప్పు కెమెరాలో కంటె దాని కింద అచ్చయిన ఆ ఒక్క మాటలోనే ఎక్కువగా వుంది. ఆల్బం ఉద్దేశం ప్రభుత్వం చేసిన మేలును పై అధికారికి చూపడం. మేలు చేసినవాని ఘనత కనిపించాలంటే మేలు పొందినవాని దైన్యం కనిపించాలి. దైన్యం ఎంత లోతుగా వుంటే ఘనత అంత ఎత్తుగా వుంటుంది. ఈ లెక్క 1900తో ముగిసిపోయిందని అనుకోవడానికి వీలులేదు.

దీనికి ఎదురుగా వినిపించే వాదనను కూడా న్యాయంగా పరిశీలించాలి. దారుణాన్ని దాచిపెడితే దౌర్జన్యపరులకే లాభం గదా? 1955లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో ఎమెట్ టిల్ అనే 14 ఏండ్ల నల్లజాతి బాలుని తెల్లవారు చిత్రవధ చేసి చంపారు. అతని తల్లి మామీ టిల్ శవపేటిక మూత తెరిచే వుంచమని పట్టుబట్టింది. తన బిడ్డకు ఏమి చేశారో లోకమంతా చూడాలని కోరింది. ఆ ఫోటో అమెరికా పౌరహక్కుల ఉద్యమానికి ఊపిరి పోసింది. ఆ మూత తీయించినది పత్రికవాడు కాదు, వారసురాలు అయిన తల్లి. ఆ దృశ్యం మీద హక్కు ఆమెది. ఆమె కోరినది జాలి కాదు, న్యాయం. కొండగట్టు మృతుల తల్లులను, పిల్లలను ఎవరు అడిగారు?

భోపాల్ ఇంతకంటె కఠినమైన ప్రశ్న వేస్తుంది. 1984 డిసెంబరులో యూనియన్ కార్బైడ్ విషవాయువుకు బలైన ఒక పసిబిడ్డను ఖననం చేస్తున్న దృశ్యాన్ని రఘు రాయ్, పాబ్లో బార్తొలోమ్యూ ఇద్దరూ తీశారు. మట్టిలో తేలిన ఆ ముఖం ప్రపంచమంతటా ఆ దుర్ఘటనకు గుర్తుగా నిలిచింది. ఆ బిడ్డ పేరు లోకానికి తెలియదు. అనుమతి ఇచ్చేవారు లేరు. అయినా ఆ దృశ్యాన్ని నేను ఖండించలేను. అది ఒక మహా సంస్థను వేలెత్తి చూపింది, నష్టపరిహారం కోసం పోరాడిన బాధితులే దానిని తమ ఊరేగింపుల్లో మోశారు. పీడితులు తమ చేతుల్లోకి తీసుకున్న ఫోటో వేరు, పీడితుల మీదుగా ఇతరులు వ్యాపింపజేసే ఫోటో వేరు. అన్ని సందర్భాలకూ సరిపోయే ఒకే ఫత్వా ఇక్కడ దొరకదు. ఎవరి మేలుకు, ఎవరిని నిలదీయడానికి అన్నది ప్రతిసారీ అడిగి తేల్చుకోవలసిందే.

కత్తిరింపు, కొలత

ఫోటో నిజమైనదే అయివుండి కూడా అబద్ధం చెప్పవచ్చు. కరాచీలోని రోష్నీ హెల్ప్‌లైన్ అనే స్వచ్ఛంద సంస్థ పిల్లల అపహరణల గురించి తల్లిదండ్రులను హెచ్చరించడానికి ఒక చిన్న చిత్రం తీసింది. మోటారుసైకిలు మీద వచ్చినవారు బిడ్డను ఎత్తుకుపోతారు. వెంటనే తిరిగి వచ్చి బిడ్డను దించి హెచ్చరిక రాసిన అట్టను చూపుతారు. 2018లో మన దేశంలో ఎవరో ఆ చివరి భాగం కత్తిరించి, పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా అంటూ వదిలారు. ఆ వేసవిలో ఇటువంటి పుకార్ల వల్లనే తెలంగాణలో సహా పలుచోట్ల అమాయకులను కొట్టి చంపారు. చిత్రంలో కొత్తగా చేర్చినది ఏమీ లేదు, తీసివేసినది కొన్ని క్షణాల భాగం మాత్రమే. వార్త వచ్చినప్పుడు విచారించుకోమన్న హుజురాత్ సూరా ఆజ్ఞ నోటిమాటకు ఎంత వర్తిస్తుందో ఇటువంటి వీడియోకూ అంతే వర్తిస్తుంది.

గణాంకాల పటాలు ఇంతకంటె నాగరికమైన మోసానికి వీలిస్తాయి. ఒక సంస్థ కిందటేడు 96 మందికి, ఈ ఏడు 100 మందికి సహాయం చేసిందనుకుందాం. స్తంభాల పటంలో కొలత సున్న నుంచి మొదలుపెడితే రెండు స్తంభాలూ ఇంచుమించు సమానంగా కనిపిస్తాయి. కొలతను 95 దగ్గర మొదలుపెడితే రెండవది మొదటిదానికి ఐదింతలు! అంకె ఒక్కటీ తప్పు కాదు. తూనికలో దగాచేసేవారికి వినాశం తప్పదన్న ముతఫ్ఫిఫీన్ సూరాను మనం కిరాణా కొట్టువానికే పరిమితం చేసుకున్నాము. స్కేలు కత్తిరించిన పటం కూడా తగ్గించి తూచే త్రాసే.

శవాన్ని చూపకుండా చావును గురించి చెప్పగలమా అని సందేహించేవారు ఫ్లోరెన్స్ నైటింగేల్‌ను గుర్తుకు తెచ్చుకోవాలి. క్రిమియా యుద్ధంలో సైనికుల మరణాలపై ఆమె 1858లో వెలువరించిన నివేదికలో ఒక్క క్షతగాత్రుని బొమ్మ కూడా కనిపించదు. నెలవారీగా ముక్కలు చేసిన వృత్తాకారపు పటాలున్నాయి. గాయాలతో చచ్చినవారి కంటె మురికివల్ల వచ్చిన, నివారించదగిన రోగాలతో చచ్చినవారే చాలా ఎక్కువని ఆ రంగుల ముక్కలు ఒక్క చూపులో తెలిపాయి. ఏ సైనికుని పరువూ పోలేదు, తప్పించుకునే దారి మాత్రం అధికారులకు లేకపోయింది.

మన రశీదు పుస్తకాల సంగతి

ఇతరుల ఆల్బంలను ఇంతసేపు తిరగవేశాము గనుక మన సంస్థల వార్షిక నివేదికలను కూడా ఒకసారి తెరవడం న్యాయం. రమజాన్‌లో రేషన్ కిట్ల పంపిణీ ఫోటో చూడండి. బల్ల వెనుక అయిదుగురు పెద్దలు, మెడలో పూలదండలు. బల్ల ముందు బుర్ఖాలో ఒక వితంతువు. ఆమె చేతిలో సంచి, ఆ సంచి మీద అయిదు చేతులు. ఆమె తప్ప అందరూ కెమెరా వైపు చూస్తున్నారు. కింద దాతల పేర్లు వరుసగా వుంటాయి, ఆమె పేరు వుండదు. పేరు వేయకపోవడం మంచిదే, కానీ ముఖం వేశారు గదా! ఆ వీధిలో ఆమెను గుర్తుపట్టని వారెవరు? యతీంఖానా విజ్ఞప్తి పత్రాల మీది పిల్లల సంగతి ఇంతకంటె బాధాకరం. ఏడేండ్ల వయసులో తీసిన ఫోటో ఆ పిల్లవాడు పెద్దవాడై పెళ్ళి సంబంధానికి పోయేనాటికి కూడా ఏదో ఒక గోడ మీద వుంటుంది.

దెప్పిపొడుపుతో, మనసు నొప్పించడంతో దానాన్ని వ్యర్థపరచుకోవద్దని అల్‌బఖరా సూరా ఆదేశించింది. రహస్యంగా బీదలకు ఇవ్వడమే మేలైనదని అదే సూరా తెలిపింది. అభిమానంతో చేయిచాచని బీదలను తెలియనివారు కలిగినవారనే అనుకుంటారని కూడా చెప్పింది. మన ఫోటో ఆ అభిమానపు పరదానే చింపుతున్నది. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ సమయంలో రాజస్థాన్ ప్రభుత్వం ఆహార పంపిణీ వేళ ఫోటోలు తీయడాన్ని నిషేధించింది. ఒక లౌకిక ప్రభుత్వానికి తట్టిన విషయం మన కమిటీలకు తట్టకపోవడం ఆశ్చర్యమే.

ఫోటో లేకపోతే దాతలు నమ్మరని కార్యదర్శులు అంటారు. ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. లెక్క అడిగే హక్కు దాతకు వుంది, దొంగ సంస్థలూ లేకపోలేదు. అయితే వితంతువు ముఖం లెక్కకు రుజువెలా అవుతుంది? అదే ఫోటోతో పది సంస్థలు పది నివేదికలు అచ్చువేసుకోవచ్చు. నమ్మకం కలిగించేది ఆడిట్ అయిన పట్టిక: ఎంత వచ్చింది, ఎన్ని కిట్లు, ఒక్కో కిట్టులో బియ్యం ఎన్ని కిలోలు, ఏ దుకాణంలో ఏ ధరకు కొన్నారు, మిగిలినది ఎక్కడ వుంది. బొమ్మ తప్పక కావాలంటే వరుసగా పేర్చిన బియ్యం బస్తాలను తీయండి, వంటశాలను తీయండి, తవ్వించిన బోరుబావిని, కట్టించిన గదిని తీయండి. పిల్లల రాతపుస్తకంలోని ఒక పేజీని, పేరు కనిపించకుండా, తీయండి. చేతిరాత మొదటి నెలకూ ఆరవ నెలకూ ఎంత మారిందో పక్కపక్కన అచ్చువేస్తే చందా ఇచ్చినవానికి తన సొమ్ము ఎక్కడికి పోయిందో తెలుస్తుంది, ఆ పిల్లవాడు రేపు ఆ నివేదికను తన చేతుల్తో తెరిచి చూడగలుగుతాడు.